కుందేలు లెక్క

శాన్ ఆంటోనియోలో, ఆస్పత్రి వెనక వరండా దాటితే
మా వర్క్‌షాపు.
ఇక్కడ నేను కాళ్లు చేస్తాను.

పదకొండేళ్లుగా ఇదే పని.
మొదట్లో షుగరు జబ్బు ముసలాళ్లవి,
మోటారుసైకిలు కుర్రాళ్లవి.
ఇప్పుడు దాదాపు అన్నీ ఆ యుద్ధానివే.
ఆ దేశం పేరు
ఒక్కో ఛానెల్లో ఒక్కోలా పలుకుతారు.

తెగిన చోట తడి ప్లాస్టర్ గుడ్డ చుడతాను.
గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది.
"కంగారు పడకు, మామూలే" అంటాను.
కోర్బిన్ టేట్, ఇరవై రెండేళ్లు, లబక్ దగ్గర పత్తి చేలవాడు,
తొడ మీద చెయ్యి వేసుకుని
గోడ మీది టీవీ చూస్తుంటాడు.

టీవీలో ఆయన మళ్లీ చెబుతున్నాడు,
గొంతు కూడా మార్చకుండా:
మలుపు తిరిగాం. ఇంకో ఆరు నెలలు.
పోయిన మార్చిలోనూ మలుపే.
అంతకు ముందు మార్చిలోనూ.
ఇన్ని మలుపులు తిరిగినవాడు
బయల్దేరిన చోటికే వచ్చుండాలి.
గానుగెద్దుకైనా ఆ సంగతి తెలుసు.

నేను చేసిన కాలు ఒరుసుకుంటే
వాళ్లు నొప్పి అంటారు. నేను నమ్ముతాను.
విప్పి, కందిన చోటు చూసి,
ఆకురాయితో ఒక మిల్లీమీటరు అరగదీస్తాను.
అప్పటికీ కుదరకపోతే
పగలగొట్టి మళ్లీ పోస్తాను.
నా పరువేం పోలేదు ఇన్నేళ్లలో.
అంతంత భవనాల్లో కూర్చున్నా
వాళ్ల దగ్గర ఒక్క ఆకురాయి లేదు కాబోలు.

ఒకరోజు ఉండబట్టలేక కోర్బిన్‌కి చెప్పాను
మావైపు మాట:
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని.
మంచం ఊగిపోయేలా నవ్వాడు.
నవ్వు ఆగాక అడిగాడు:
"మరి ఆ నాలుగోది?"

నేను బల్ల వైపు చూశాను.
ఆరబెట్టిన వరసలో
ఎడమవి ఏడు, కుడివి నాలుగు.

అసలు సంగతి చెప్పనా?
ఏప్రిల్‌కల్లా మన పిల్లలు ఇంటికొస్తారని ఆయన చెప్పిన వారమే
మా ఆఫీసుకి కాగితం వచ్చింది,
వచ్చే ఏడాదికి ఎన్ని పాదాలు కావాలో రాసి పంపమని.
కింద పెన్సిలుతో ఎవరో:
"ఈ ఏటి కన్నా మూడోవంతు కలిపి వెయ్యండి."
నోటికి తెలియనిది చేతికి తెలుసన్నమాట.

ఎస్మెరాల్డా విల్లారియల్ అక్కడ లారీ నడిపేది.
ఎక్కువ మాట్లాడదు.
పోయిన వారం, నేను కొలతలు తీస్తుంటే అంది,
"ఆ రోజే రోడ్డు పక్కన ఒక చిన్నపిల్లకి కూడా.
నాలాగే, మోకాలి కింద.
నాది నువ్వు చేస్తున్నావు. దానిది?"

టేపు చుట్టేశాను.
పిల్లలకి ఏటేటా కొత్త కాలు కావాలి,
ఎదుగుతారు గనక.
ఏ కాగితమూ నన్ను ఆ పాదాలు అడగలేదు.

కాలి పైభాగానికి
ఎవరి గుడ్డ వాళ్లే తెచ్చుకోవచ్చు.
కొందరు జెండా తెస్తారు, కొందరు ఫుట్‌బాల్ చొక్కా.
కోర్బిన్ పాత దుప్పటి ముక్క తెచ్చాడు,
దాని మీద నల్ల మార్కరుతో
తనే గీసిన కుందేలు. చెవులు మరీ పెద్దవి.
కాళ్లు మూడు.
రెజిన్ పోసి, మెరుగు పెట్టి ఇచ్చాను.

గురువారం వాషింగ్టన్ నుంచి పెద్దమనిషి వచ్చాడు.
వెంట కెమెరాలు, పూలగుత్తి, పెర్‌ఫ్యూమ్ వాసన.
వంగి, వేలు పెట్టి,
"బాగుందే, ఎవరిదీ కుందేలు?" అన్నాడు.
"మీదే సార్" అన్నాడు కోర్బిన్.
ఆయన నవ్వాడు.
కాళ్లు లెక్కపెట్టాడో లేదో
నేనున్న చోటి నుంచి కనబడలేదు.

ఫొటో బాగానే వచ్చిందట.
మధ్యాహ్నానికి ఇంకా ముగ్గురున్నారు.
బకెట్లో నీళ్లు గోరువెచ్చగా పట్టుకుని
కొత్త ప్లాస్టర్ చుట్ట విప్పాను.